అడవి అంచున ఒక గది: హైదరాబాద్‌లో ఆర్టిస్ట్ రెసిడెన్సీకి ఏ చోటు ఎంచుకోవాలి?

కేబీఆర్ పార్కు చుట్టూ పొద్దున్నే నడిచే ఆర్టిస్టుల్ని ఎవర్ని కదిపినా ఎప్పుడో ఒకసారి ఈ మాట అంటారు: "లోపల చిరాన్ ప్యాలెస్ ఉంది కదా, దాన్ని మనలాంటి వాళ్లకి రెసిడెన్సీగా ఇస్తే ఎంత బాగుంటుంది!" నేనూ చాలా ఏళ్లు అదే కలగన్నాను. నెమళ్ల అరుపుతో మెలకువ రావడం, కిటికీ పక్కన ఈజిల్, బయట అడుగు పెడితే రేల చెట్టు. రెసిడెన్సీ, అంటే కళాకారులు కొన్ని వారాలు ఉండి పని చేసుకునే చోటు, కావాలన్న కోరిక నాలో ఇప్పటికీ తగ్గలేదు. దాన్ని ఎక్కడ పెట్టాలన్న విషయంలో మాత్రం నా అభిప్రాయం పూర్తిగా మారింది.

ఈ మధ్య ఒక చిన్న ట్రస్టు వాళ్లు, ఒక కాలనీ సంఘం వాళ్లు విడివిడిగా వచ్చి ఒకే ప్రశ్న అడిగారు. కళాకారులకి కొన్ని వారాలు ఉండటానికి చోటు, పని చేసుకోవడానికి గది, చేతి ఖర్చులకి కొంత డబ్బు ఇస్తాం, ప్రకృతి మధ్య పని చేసుకోవాలి, నగరం దాటి పోకూడదు. ఎక్కడ పెడితే మంచిది? వాళ్లకి చెప్పిన సంగతులే వివరంగా రాస్తున్నాను. మీరూ ఇలాంటి ఆలోచనలో ఉంటే, బిల్డింగ్ ప్లాన్ గీయించే ముందు ఒకసారి చదవండి.

ముందు రాత్రి సంగతి తేల్చుకోండి

చాలామంది మ్యాప్ ముందు పెట్టుకుని మొదలుపెడతారు. నేను మాత్రం, వచ్చే ఆర్టిస్టు రాత్రి ఎక్కడ పడుకుంటారు అన్న దగ్గర మొదలుపెట్టమంటాను. కారణం ఉంది.

నాలుగేళ్ల కిందట నగర శివార్లలోని ఒక అటవీ పార్కులో పది రోజుల ఆర్ట్ క్యాంపు జరిగింది. నడిపించిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఎనిమిది మంది ఆర్టిస్టులు, గుడారాలు, ఒక జనరేటర్. జులై నెల. మొదటి రోజు సామాను దించుతుంటే చీకట్లో ఎక్కడో నైట్‌జార్ అనే రాత్రి పిట్ట కూసింది. రాతి మీద గోలీ వేస్తే టక్ టక్ టకటకమని దొర్లిపోయినట్టు ఉంటుంది దాని కూత. మర్నాడు సాయంత్రం వాన వెలిశాక ఫ్లడ్‌లైటు వేసి భోజనాలకి కూర్చున్నాం. పావుగంటలో ఉసిళ్లు ముసిరాయి. కంచాల్లో, టీ గ్లాసుల్లో, జుట్టులో. తెల్లారి లైటు స్తంభం కింద చూస్తే రెక్కలు చేటెడు ఉన్నాయి. ఆ నైట్‌జార్ కూత మిగిలిన రోజుల్లో మాకు మళ్లీ వినిపించలేదు.

మూడో రోజు జరిగింది నన్ను ఇప్పటికీ వదల్లేదు. గుడారాల వెనక ఒక పెద్ద బండ. బండ మీద జానెడు లోతు గుంట, అందులో వాన నీళ్లు, ఆ నీళ్లలో వందల తోకకప్పలు. మాలో ఒక చిత్రకారుడు చీకట్లో అది ఉత్త నీళ్ల గుంట అనుకుని అక్రిలిక్ బ్రష్షులు అందులో కడిగేశారు. పొద్దున చూస్తే నీళ్లు లేత నీలంగా ఉన్నాయి. తోకకప్పలు అంచుకి ఆవగింజల్లా చేరి ఉన్నాయి, కదలడం లేదు. మాకు తోడుగా ఉన్న వాచర్ పెద్దాయన గొంతుక్కూర్చుని, చేత్తో నీళ్లు కదిపి చూసి, "ఇగ మళ్ల వానకాలమే మేడం" అన్నారు. కోపంగా కూడా అనలేదు. ఆ చిత్రకారుడు ఆ రోజంతా బ్రష్షు పట్టలేదు. ఆయన తప్పు కంటే మా తప్పే పెద్దది. రంగు నీళ్లు ఎక్కడ పోయాలో మేం ఎవరికీ చెప్పలేదు. అసలు ఆ సంగతి మా జాబితాలోనే లేదు.

హైదరాబాద్ బండలు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. వాటి మీది ఈ గుంటలు వానకి నిండి, కొన్ని వారాలు కప్పలకి పురిటిగదులై, మళ్లీ ఎండిపోతాయి. మనకి కనిపించేది గిన్నెడు నీళ్లు. దాని మీద ఆధారపడ్డ ప్రాణులకి ఆ ఏడాదికి అదే చెరువు. మనిషి రాత్రి అడవిలో ఉన్నాడంటే లైటు, వంట, బాత్రూమ్, చెత్త బుట్ట, బండి రాకపోకలు అన్నీ వెంట వస్తాయి. చెత్త బుట్ట వెనకే కుక్కలు వస్తాయి. నెమలి గుడ్లు పెట్టేది నేల మీద. కుక్కలు వచ్చిన చోట వాటి గతేమిటో వేరే చెప్పక్కర్లేదు.

అందుకే నా మొదటి సలహా: పని పగలు అడవిలో, పడక రాత్రి ఊళ్లో. అమెరికా నేషనల్ పార్కుల్లో ఆర్టిస్టుకి లోపలే క్యాబిన్ ఇస్తారు కదా అని అడుగుతారు. ఇస్తారు, సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకి. వాటిలో చాలా పార్కులకి దగ్గర్లో ఊరు ఉండదు, లోపల ఉంచక తప్పదు. శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన 1982లో మొదలైన హెడ్‌ల్యాండ్స్ సెంటర్ కూడా కొత్తగా ఏదీ కట్టలేదు, సైన్యం వదిలేసిన పాత భవనాల్ని బాగుచేసుకుంది. మన నగరంలో పరిస్థితి వేరు. అడవి గోడకి అటువైపు చెట్లు ఉంటే ఇటువైపు అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. గోడ బయట అద్దెకి రెండు గదులు తీసుకుంటే, నడిచి పది నిమిషాల్లో గేటు దగ్గర ఉంటారు. ఇంత సౌకర్యం ఉన్నప్పుడు లోపల ఇటుక పేర్చాల్సిన అవసరం నాకు కనిపించదు.

నేషనల్ పార్కులు: చూడటానికి సరే, బసకి వద్దు

నగరం ఒళ్లో మూడు జాతీయ ఉద్యానాలు ఉండటం మన అదృష్టం. జూబ్లీహిల్స్‌లో 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన కేబీఆర్, దాదాపు 390 ఎకరాలు. చిలుకూరు దగ్గర మృగవని. వనస్థలిపురంలో మహావీర్ హరిణ వనస్థలి, అది సుమారు 3,600 ఎకరాలు.

వీటికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. లోపలికి వెళ్లడానికే కారణం చెప్పి అనుమతి తీసుకోవాలి: వన్యప్రాణుల అధ్యయనం, ఫోటోలు, పరిశోధన, పర్యాటకం లాంటివి. ఆర్టిస్టులు సాధారణంగా మర్చిపోయే అంశం ఇంకొకటి ఉంది. జాతీయ ఉద్యానం నుంచి అనుమతి లేకుండా ఏదీ బయటికి తేకూడదు. రాలిన నెమలీక, ఎండు కొమ్మ, గుప్పెడు ఎర్రమట్టి, ఏదైనా సరే. ప్రాణులకి హాని చేసే రసాయనాలు లోపల వాడకూడదు. టర్పెంటైన్ సీసా బ్యాగులో పెట్టుకుని వెళ్లే అలవాటున్న వాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. అటవీ భూమిలో అడవికి సంబంధం లేని కట్టడం ఏదైనా లేపాలంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం కేంద్రం ఆమోదం దాకా వెళ్లాలి. చిరాన్ ప్యాలెస్ కల దగ్గర నేను ఆగిపోయింది ఇక్కడే. అది ఉన్నది జాతీయ ఉద్యానం మధ్యలో. అక్కడ మనుషులు కాపురం ఉంటే, చుట్టూ ఉన్న ఆ కొద్ది అడవికి రాత్రి అనేది మిగలదు.

పగటి అనుమతితో వారానికి రెండు ఉదయాలు వెళ్లేలా పెట్టుకుంటే మాత్రం ఈ మూడూ గొప్ప చోట్లు. వాటిలో ఒకటి ఎంచుకోమంటే నేను హరిణ వనస్థలి అంటాను. అందరి చూపూ కేబీఆర్ మీదే ఉంటుంది గానీ, అక్కడ ఏ మూల నిలబడినా ట్రాఫిక్ చప్పుడు వెంట వస్తుంది. హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేట స్థలం. అక్కడ గడ్డి మైదానం ఉంది, కృష్ణజింకలు ఉన్నాయి, దూరం దాకా ఖాళీగా పోయే చూపు ఉంది. బొమ్మ వేసే వాళ్లకి హైదరాబాద్‌లో ఇంత వెడల్పు ఆకాశం మరెక్కడ దొరుకుతుంది? పక్కనే వనస్థలిపురం, హయత్‌నగర్‌లో ఇళ్ల అద్దెలు జూబ్లీహిల్స్‌తో పోలిస్తే ఎంతో తక్కువ.

బొటానికల్ గార్డెన్, అర్బన్ ఫారెస్ట్ పార్కులు: నా మొదటి ఓటు

కొండాపూర్ బొటానికల్ గార్డెన్ దాదాపు 270 ఎకరాలు. దాన్ని చూసేది రాష్ట్ర అటవీ అభివృద్ధి సంస్థ. జనం టికెట్ కొని వస్తారు, స్కూలు పిల్లలు వస్తారు, కాలిబాటలు, మరుగుదొడ్లు, కరెంటు ముందే ఉన్నాయి. ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల రిజర్వ్ ఫారెస్ట్ బ్లాకుల్లో తెరిచిన పార్కులు కూడా ఇంచుమించు ఇలాంటివే. కండ్లకోయ, గుర్రంగూడ, నారపల్లి వైపు ఉన్నవి మీరు చూసే ఉంటారు. గేటు దగ్గర కొంత భాగం జనానికి తెరిచి, వెనక ఎక్కువ భాగం కంచె వేసి వదిలేస్తారు.

ఈ అమరికే రెసిడెన్సీకి బాగా నప్పుతుంది. గేటు దగ్గర భాగం ఎలాగూ మనుషులు తిరిగేది. అక్కడ ముందే ఉన్న ఒక గదిని, స్టోర్ రూమ్‌ని, పాత టికెట్ కౌంటర్‌ని పగటి స్టూడియోగా ఇమ్మని అడగొచ్చు. కొత్త పునాది అక్కర్లేదు. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా పని, తర్వాత తాళం. వెనక భాగంలోకి వాచర్ తోడు లేకుండా అడుగు పెట్టకూడదు. బండల మీది గుంటల దగ్గరికి వానాకాలంలో అసలే వద్దు.

జనం వచ్చే చోటు కావడం వల్ల ఇంకో లాభం ఉంది. ఆర్టిస్టు పని చేస్తుంటే పిల్లలు కిటికీ దగ్గర నిలబడి చూస్తారు. ఆరేళ్ల పాప ఒకతి నా స్నేహితురాలి స్కెచ్ బుక్‌లోకి తొంగి చూసి, "ఆంటీ, ఇది పాలపిట్ట, రెక్క విప్పినప్పుడే నీలం కనిపిస్తది" అని సరిచేసింది. మా స్నేహితురాలు రెక్క ముడిచి ఉన్న పిట్టకి నిండా నీలం వేసింది. గ్యాలరీలో ఆ మాట అనేవాళ్లు ఎవరూ దొరకరు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఆదివారం గోల ఎక్కువ, ఏకాంతం కోరే రచయితలకి కష్టం. అధికారి బదిలీ అయితే మౌఖికంగా ఇచ్చిన మాట ఆయనతోనే వెళ్లిపోతుంది. కాబట్టి ఏ గది, ఏ వేళల్లో, ఎన్ని నెలలు, ఎవరి బాధ్యత అన్నది రాతపూర్వక ఒప్పందంగా ఉండాలి. జిల్లా అటవీ అధికారి సంతకం లేకుండా పోస్టర్ కూడా వేయకండి.

యూనివర్సిటీ, చెరువు గట్టు, ఫామ్‌హౌస్

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ చాలా విషయాల్లో సహజమైన చోటు. 1974లో మొదలైనప్పుడు దక్కిన దాదాపు 2,300 ఎకరాల్లో బండలు, నీటి మడుగులు, మష్రూమ్ రాక్, నెమళ్లు, జింకలు ఉన్నాయి. లలిత కళల విభాగం, నాటక విభాగం అక్కడే ఉన్నాయి కాబట్టి బట్టీ, ప్రింట్ మేకింగ్ ప్రెస్ లాంటి పెద్ద సామాను కోసం వెతుక్కోనక్కర్లేదు. క్యాంపస్ ఎలాగూ రాత్రి మనుషులు ఉండే చోటే, అతిథి గదులు ఉంటాయి. మీ బృందంలో అక్కడి అధ్యాపకులు ఒకరు ఉంటే ఇది కళ్లు మూసుకుని ఎంచుకోదగ్గది. లేకపోతే బయటి సంస్థగా లోపలికి వెళ్లడం కష్టం.

2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతని సుప్రీంకోర్టు ఆపించిన సంగతి అందరికీ తెలుసు. ఆ రోజుల్లో విద్యార్థులు వేసిన బొమ్మలు, రాసిన పాటలు ఫోన్ల నిండా తిరిగాయి. అక్కడ రెసిడెన్సీ పెడితే ఆ భూమి గొడవ ఆర్టిస్టు పనిలోకి వచ్చి తీరుతుంది, రావాలి కూడా. దానికి సిద్ధపడని స్పాన్సర్‌ని తీసుకుని అక్కడికి వెళ్లకండి.

అమీన్‌పూర్ చెరువు వేరే తరహా. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి చెరువు అదే. చలికాలంలో ఫ్లెమింగోలు దిగుతాయి, వాటి వెనకే ఫోటోగ్రాఫర్లూ దిగుతారు. శబ్దంతో పని చేసేవాళ్లకి, వీడియో వాళ్లకి, కవులకి నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అది అద్భుతంగా ఉంటుంది. మిగతా ఏడాదికి నేను సిఫార్సు చేయను. గట్టు మీద నీడ తక్కువ, స్టూడియోకి పనికొచ్చే గది లేదు, చుట్టూ ఇళ్లు పెరిగి చెరువు మీద ఒత్తిడి ఎక్కువగా ఉంది. రెసిడెన్సీ పేరుతో ఇంకో గుంపుని తీసుకెళ్లడం న్యాయం కాదు. ఒక్క ఆర్టిస్టు, ఒక్క శీతాకాలం, అంతే. జీవవైవిధ్య చట్టం కింద స్థానిక సంస్థల్లో కమిటీలు ఉంటాయి. ముందు వాళ్లతో, చేపలు పట్టేవాళ్లతో మాట్లాడండి. వాళ్లకి తెలియకుండా చెరువు గురించి కళ చేయడం నాకు నచ్చదు.

ఇక ఫామ్‌హౌస్. మొయినాబాద్, చేవెళ్ల, వికారాబాద్ వైపు తెలిసినవాళ్ల తోటలో రెండు గదులు దొరికితే అనుమతుల టెన్షన్ తగ్గుతుంది. బట్టీ పెట్టుకోవచ్చు, రాయి చెక్కొచ్చు, రాత్రి రెండింటికి డప్పు కొట్టుకోవచ్చు. మద్రాసు దగ్గర చోళమండల్ కళాకారుల గ్రామం 1966లో నిలబడింది ఇదే దారిలో: కె.సి.ఎస్. పణిక్కర్ ముందు నడవగా, ఆర్టిస్టులు చేతిపనులు అమ్మిన డబ్బుతో సొంతంగా నేల కొనుక్కున్నారు. సొంత నేల ఉంటే ఏ అధికారి మారినా భయం లేదు. జంట జలాశయాల చుట్టూ ఉన్న గ్రామాల్లో మాత్రం కట్టడాలకి ఆంక్షలు పెట్టిన 1996 నాటి 111 జీవో గురించి, ఆ తర్వాత జరిగిన మార్పుల గురించి లాయర్‌తో మాట్లాడకుండా ఒక్క గోడ కూడా లేపకండి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహక ప్రాంతంలో కాంక్రీటు పోసి, దాన్ని ప్రకృతి రెసిడెన్సీ అనడానికి నాకు నోరు రాదు.

ఫామ్‌హౌస్‌లో నాకు కనిపించే అసలు లోటు వేరే. అక్కడ అడవి ఉండదు, తోట ఉంటుంది. మామిడి, లాన్, బోగన్‌విల్లా. పెద్ద శిల్పం చేసేవాళ్లకి అది చాలు. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కింద కూర్చుని గీసుకోవాలనుకునే వాళ్లకీ చాలు. నగరంలో మిగిలిన అడవి గురించి పని చేయాలనుకునే వాళ్లకి చాలదు.

ఏ కళ, ఏ కాలం

చోటు తేలాక, ఎవర్ని పిలవాలన్నది రెండో ఎంపిక. అడవి మీద బరువు వేయని కళలు కొన్ని ఉన్నాయి: రాత, స్కెచ్, శబ్దాల రికార్డింగ్, పెన్సిల్, నీటి రంగు. వీళ్లని మొదటి ఏడాది పిలవండి. వాళ్లు వెళ్లిపోయాక అక్కడ ఎవరో ఉన్నారన్న ఆనవాలు కూడా మిగలదు. ఆయిల్, అక్రిలిక్ వాళ్లని పిలిస్తే లోపల స్కెచ్ మాత్రమే, రంగు పని బస ఇంటి దగ్గర. బ్రష్షు కడిగిన నీళ్లు మూత ఉన్న డబ్బాలో వెనక్కి రావాలి. డ్రోన్ పక్షుల మీద ఎగరేయడం ఏ పార్కులోనూ వద్దు. బండ మీద ఉలి పెట్టడం, రంగు రాయడం గురించి చర్చే అనవసరం. ఈ నగరంలో 1996 నుంచి రాళ్లని కాపాడటానికి ఒక సొసైటీయే పని చేస్తోంది. వాళ్లు దశాబ్దాలుగా నిలబెట్టిన దాన్ని మనం కళ పేరుతో చెక్కకూడదు.

ఎక్కువ రెసిడెన్సీలు నెల రోజులు ఒక్క బిగిన పెడతాయి. వేరే ఊరి నుంచి వచ్చేవాళ్లకి అదే వీలు. హైదరాబాద్ వాళ్లకైతే నేను ఆ నెలని మూడు ముక్కలు చేస్తాను: ఆగస్టులో పది రోజులు, డిసెంబర్‌లో పది, మార్చిలో పది. మన అడవి ఆకు రాల్చే అడవి. ఆగస్టులో పచ్చగా ఉక్కపోతగా ఉంటుంది, నెమలి పురి విప్పుతుంది, దోమలూ పాములూ ఉంటాయి. డిసెంబర్‌లో గడ్డి బంగారు రంగుకి తిరుగుతుంది, వలస పిట్టలు వచ్చి ఉంటాయి. మార్చికి ఆకులన్నీ రాలి, మోదుగ మాత్రం నిప్పు పెట్టినట్టు పూసి ఉంటుంది. ఒకే చెట్టుని మూడుసార్లు గీసిన మనిషికి ఆ చెట్టు గురించి తెలిసేది, ముప్పై రోజులు వరసగా చూసినా తెలియదు. మార్చి విడతలో అగ్గిపెట్టె, సిగరెట్ లోపలికి తీసుకెళ్లకూడదన్న నియమం రాసి పెట్టండి. ఎండుటాకు మీద ఒక్క నిప్పురవ్వ చాలు.

ఒకరా, గుంపా అని అడిగితే ఒకరు, మహా అయితే ఇద్దరు. ఎనిమిది మందిని తీసుకెళ్లిన అనుభవంతోనే చెప్తున్నాను. ఎనిమిది మంది ఉంటే వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. అది మంచి క్యాంపు అవుతుంది గానీ అడవితో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు.

దరఖాస్తు ఇంగ్లిష్‌లోనే అడక్కండి. ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం. చేర్యాల నకాషీ చిత్రకారులు చింతగింజల జిగురు, సుద్ద కలిపి బట్టని సిద్ధం చేసుకుంటారు. చెట్టుకీ బొమ్మకీ ఉన్న బంధం తరతరాలుగా వాళ్ల చేతుల్లో ఉంది. అలాంటి వాళ్లని ఐదు వందల పదాల 'ఆర్టిస్ట్ స్టేట్‌మెంట్' రాయమంటే దరఖాస్తే పెట్టరు. తెలుగులో రాయనివ్వండి, ఉర్దూలో రాయనివ్వండి, రాయలేని వాళ్లని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపమనండి. ప్రతి ఏడాదీ ఒక చోటు చేతివృత్తి కళాకారులకి ముందే పక్కన పెట్టండి.

డబ్బు, కాగితాలు

సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టర్ కాకుండా అటవీ శాఖ దగ్గరికి వెళ్తే మాట ముందుకు సాగదు. కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బు కావాలంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, సీఎస్ఆర్-1 ఫారం ఉండాలి. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో పర్యావరణం ఉంది, కళలూ సంస్కృతీ ఉన్నాయి, కాబట్టి ఈ పనికి రెండు వైపుల నుంచీ అడగొచ్చు. విదేశీ విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద అనుమతి తప్పదు. మొదటి రెండేళ్లు ఆ జోలికి పోకపోవడమే మేలు.

బడ్జెట్‌లో ముందు ఆర్టిస్టు స్టయిపెండ్ రాయండి, తర్వాత ఇంటి అద్దె, తర్వాత వాచర్ గౌరవ వేతనం. ఈ మూడోది అందరూ వదిలేస్తారు. ఆర్టిస్టు వెంట రోజూ నాలుగు గంటలు నడిచే మనిషికి అది అదనపు పని. ఏ పుట్ట దగ్గర ఉడుము ఉంటుందో, ఏ కొమ్మ మీద గుడ్లగూబ పడుకుంటుందో ఆర్టిస్టుకి నేర్పేది ఆయనే. ఆయన్ని గురువుగా లెక్కేసి, డబ్బు అలాగే ఇవ్వండి. అయితే పార్కు సిబ్బందికి నేరుగా చేతిలో పెట్టకుండా అటవీ శాఖ ద్వారానే వెళ్లాలి, లేకపోతే ఆయనకే మాట వస్తుంది.

బదులుగా ఆర్టిస్టు నుంచి ఏం అడగాలి? చాలాచోట్ల ఒక బొమ్మ ఇచ్చి వెళ్లమంటారు. ఆ బొమ్మలు కొన్నాళ్లకి ఆఫీసు గోడల మీద దుమ్ము పట్టిపోతాయి. నేనైతే దగ్గర్లోని ప్రభుత్వ పాఠశాల పిల్లలతో రెండు ఉదయాలు గడపమంటాను. పిల్లల చేతుల్లో తెల్ల కాగితం, పెన్సిల్, ఎదురుగా ఒక చెట్టు చాలు.

ఈ ఏడాదే మొదలుపెట్టాలంటే

నన్ను అడిగిన ట్రస్టు వాళ్లకి చివరికి ఇలా చెప్పాను. కొండాపూర్ వైపు మీకు పరిచయాలు ఉంటే బొటానికల్ గార్డెన్‌లో పగటి గది అడగండి. లేకపోతే వనస్థలిపురంలో రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకుని, గుర్రంగూడ వైపు పార్కులో పగటి పని, హరిణ వనస్థలికి వారానికి రెండు ఉదయాల అనుమతి అడగండి. కాలనీ సంఘం వాళ్లకి రెండోదే నప్పింది. వాళ్లలో ఒకరి మేడ మీద గది ఖాళీగా ఉంది, కిటికీ తీస్తే చెట్ల తలలు కనిపిస్తాయి.

అనుమతుల కాగితాలు కదలడానికి నెలలు పడుతుంది. ఈలోగా మీరే వెళ్లి ఆ చోటు చూడండి, కనీసం పది ఉదయాలు. ఏ వేళకి ఎవరు వస్తారు, గేటు ఎప్పుడు తీస్తారు, నీళ్లు ఎక్కడున్నాయి, బండల మీద గుంటలు ఎక్కడున్నాయి అన్నీ ఒక మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి. ఆర్టిస్టు వచ్చిన రోజు తాళంచెవి కంటే ముందు ఆ మ్యాప్ చేతిలో పెట్టండి. మొదటి మూడు రోజులు రంగులు, కెమెరా ఇంట్లోనే ఉంచి, ఉత్త చేతులతో వాచర్ వెనక నడిచి రమ్మనండి. గుంటల దగ్గరికి వచ్చినప్పుడు ఆయన ఆగి చూపిస్తారు.